చెయ్యి కనిపిస్తేనే మేక కదులుతుంది

మా స్టేషన్లో ఉన్న ఇంజన్ని ఎవరూ ఇంజను అనరు. రైల్వే కాగితాల్లో దానికో నంబరు ఉంది కానీ ఊళ్ళో మాత్రం అది సిక్. హాలండ్ ఉత్తరాన మా గ్రోనింగెన్ యాసలో సిక్ అంటే మేక. ముందు పొట్టి ముక్కు, వెనక ఒక్క మనిషి పట్టే గది, కింద నాలుగు చక్రాలు. హారన్ నొక్కితే పాలు పితికే వేళ దాటిపోయిన మేకలా అరుస్తుంది. పెద్ద ఇంజన్ల డ్రైవర్లు మా మీదుగా పోతూ తల బయటికి పెట్టి "మే..." అని నన్ను వెక్కిరించి పోయేవాళ్ళు. పోనివ్వండి. వాళ్ళు దర్జాగా లాక్కుపోయే వ్యాగన్లని వరస చేసి పెట్టేది నా మేకే.

మేకని నడిపేది నేను. నా పేరు ఎప్పో. నాకు కోపం ఎక్కువని ఊరంతా అంటుంది, నిజమే. అయితే మేకని కదిలించేది నేను కాదు, వుబ్బే. శరదృతువు రాగానే చుట్టుపక్కల రైతులు చక్కెర దుంపలు తవ్వి తెచ్చి స్టేషన్ పక్కన వ్యాగన్లలో నింపుతారు. నిండిన వ్యాగన్లని చర్చి వీధి దాటించి అవతలి పొడుగు లైన్లో పెట్టాలి. సాయంత్రం పెద్ద ఇంజను వచ్చి వాటిని ఫ్యాక్టరీకి తీసుకుపోతుంది. మేక వ్యాగన్ల వెనక ఉండి నెడుతుంది. అంటే నా కళ్ళ ముందు దుంపల గుట్టలు, వాటి ముందు ధాన్యం గోదాము మలుపు. వీధి నాకు కనపడనే కనపడదు. వీధి దగ్గర గేటూ లేదు, గంటా లేదు. ఉన్నది వుబ్బే ఒక్కడే.

గోదాము మూల మీద నిలబడితే అతనికి అటు వీధీ కనిపిస్తుంది, ఇటు నేనూ కనిపిస్తాను. గోడ వెనక మాత్రం వెళ్ళి చూసొస్తేనే కనిపిస్తుంది. చెయ్యి అడ్డంగా ఊపితే రమ్మని. తలకంటే పైకి ఎత్తితే ఆగమని. చెయ్యి కనిపించకపోతే ఉన్నచోటే ఉండాలి. మా యార్డులో ఉన్న చట్టమంతా ఇంతే. వుబ్బే మాటల మనిషి కాదు. నేను రోజంతా వాగుతాను, అతను సాయంత్రానికి ఒక "ఊఁ" అంటాడు. కానీ ఇన్నేళ్ళలో ఆ చెయ్యి ఒక్కసారి కూడా తొందరపడలేదు. నా కళ్ళకంటే ఆ చేతినే నేను ఎక్కువ నమ్మాను. చెప్పుకోవడానికి నాకు సిగ్గేమీ లేదు.

డెబ్బైల నాటి మాట. ఆ ఏడాది దుంపల కాలం మొదలైందో లేదో, రైల్వే జిల్లా ఆఫీసు నుంచి ఒక పెట్టె వచ్చింది. విప్పి చూస్తే అందులో గడ్డిలో చుట్టిన గుండ్రటి అద్దం. దాన్ని గోదాము మూలన స్తంభానికి బిగించాలట. ఇకనుంచి డ్రైవరే అద్దంలో వీధిని చూసుకుంటూ బండి నడపాలట. వుబ్బే చేతికి చీపురిచ్చి ప్లాట్‌ఫాం ఊడవమన్నారు. నెల తిరగ్గానే పట్నం స్టేషన్‌కి వెళ్ళి అక్కడ ఊడవాలి. ఈలోగా చీపురు తప్ప ఇంకేమీ ముట్టుకోకూడదు, ముట్టుకుంటే ఉద్యోగం ఊడుతుంది.

మా ఊళ్ళో అక్టోబరంటే పొద్దున్నే కాలువ మీంచి లేచే పొగమంచు. మొదటి రోజు అద్దంలోకి చూశాను. పాలు పోసినట్టు తెల్లగా ఉంది, అంతే. ఆ మాట ఇంట్లో చెబితే నా భార్య హిల్లే కాఫీ వంచుతూ నవ్వింది.

"ఊడబీకి ఇంటికి పట్రా. నీ గడ్డం గీసుకోడానికైనా పనికొస్తుంది."

నేను సమ్మె చెయ్యలేదు. రోజూ వేళకే వెళ్ళాను, ఇంజను స్టార్ట్ చేశాను, గదిలో నిలబడి గోదాము మూల వైపు చూస్తూ ఉన్నాను. అక్కడ చెయ్యి లేదు కాబట్టి నేను కదలలేదు. ఆఫీసు నుంచి ఫోన్ మీద ఫోన్. చెయ్యి ఉంటే కదులుతానని అందరికీ ఒకటే మాట చెప్పాను. వ్యాగన్లు దుంపలతో నిండిపోయి వరసగా ఆగిపోయాయి. వాటి వెనక ట్రాక్టర్లు ఆగిపోయాయి.

అందరికంటే ముందు మెన్నో వచ్చిపడ్డాడు. మా చుట్టుపక్కల పెద్ద దుంపల రైతు అతనే, పెద్ద గొంతూ అతనిదే.

"ఏరా ఎప్పో, బుర్రుబుర్రుమని ఊరికే డీజిలు తగలేస్తున్నావ్, బండి తియ్యవేం?"

"చెయ్యి కోసం చూస్తున్నా."

"ఎవడి చెయ్యి?"

"వుబ్బేది."

"అడుగో, చీపురు పట్టుకుని నీ ఎదురుగానే ఉన్నాడు కదరా! పిలుచుకో!"

"వస్తే వాడి ఉద్యోగం పోద్ది."

"మరి అద్దం ఉందిగా!"

"అద్దం చెయ్యెత్తదు మెన్నో."

మెన్నో మొహం బీట్‌రూట్‌లా ఎర్రబడింది. "చూడూ, ఒక్క రాత్రి గట్టిగా చలిపడి దుంపలు గడ్డకట్టాయనుకో, ఎండ తగలగానే కుళ్ళిపోతాయి. నా ఏడాది కష్టం అది. లారీలు పిలిపిస్తా. అప్పుడు నీ మేకని ఏం చేసుకుంటావో చేసుకో, కోసుకుని వండుకో!"

అతను అన్నదాంట్లో అబద్ధం లేదు. లారీలు వస్తే యార్డు మూత పడుతుంది, నా ఉద్యోగమూ పోతుంది. అయినా వీధి అవతల బడి ఉంది. ఆ గోదాము గోడ వెనకనుంచి సైకిళ్ళు ఎలా దూసుకొస్తాయో నాకు తెలుసు. కళ్ళకి గంతలు కట్టుకుని అన్ని టన్నుల దుంపల్ని ఆ వీధిలోకి నెట్టమంటే, నా వల్ల కాదు. ఎవరొచ్చి చెప్పినా కాదు.

మా ఊళ్ళో ఎవరు ఎదురుపడ్డా చెయ్యెత్తి "మోయ్" అనాలి. పొద్దునైనా సాయంత్రమైనా అదే మాట, అదే చెయ్యి. అనకపోతే ఆ మనిషితో తెగదెంపులే. రైతులు నాకు మోయ్ చెప్పడం మానేశారు. తర్వాత వాళ్ళ భార్యలు హిల్లేకి మానేశారు. రొట్టెల కొట్టావిడ మా ఆవిడ చేతిలో రొట్టె పెట్టి, మొహం అటు తిప్పుకుందట. ఆ రోజు రాత్రి హిల్లే బఠానీ సూపు గిన్నెని బల్లమీద ఠపీమని పెట్టింది.

"మానెయ్యనీ. వాళ్ళ మోయ్ తిని బతుకుతున్నామా? కానీ ఒకటి చెప్తున్నా విను. ఇంతదూరం వచ్చాక నువ్వు మెత్తబడి బండి తీసావంటే, ఈ ఇంట్లో నేను కూడా నీకు మోయ్ చెప్పను."

ఆ మాటతో నాకు ఆకలి తిరిగొచ్చింది.

మర్నాడు పొద్దున జిల్లా అధికారి టోన్కెన్స్ స్వయంగా దిగాడు. పొడుగాటి కోటు, పాలిష్ చేసిన బూట్లు. పరాయివాడేమీ కాదు, పక్క ఊళ్ళో పుట్టి పెరిగినవాడే. వాళ్ళమ్మ ఇంకా అక్కడే ఉంటుంది. మేక గది మెట్టుమీద కాలు పెట్టి, నెమ్మదిగానే మాట్లాడాడు.

"ఎప్పో, నీకు కావాల్సింది చెయ్యేగా? ఇదిగో, నాకు రెండున్నాయి. నేనూ యార్డుల్లో పనిచేసి పైకొచ్చినవాణ్ణే. ఇవాళ నేనే మూల మీద నిలబడి సైగ చేస్తా."

"ఇవాళ సరే సార్. రేపు?"

"రేపటినించి టికెట్ల గదిలో ఉండే ఆయన చేస్తాడు. ఖాళీ దొరికినప్పుడల్లా వచ్చి చెయ్యి ఊపి పోతాడు. దీనికో మనిషి జీవితాంతం ఎందుకయ్యా?"

నేను వుబ్బే వైపు చూశాను. ప్లాట్‌ఫాం మీద ఊడ్చిన చోటే మళ్ళీ ఊడుస్తున్నాడు. తల ఎత్తలేదు. నా ఒళ్ళు మండిపోయింది, కానీ ఏం చెయ్యను? చెయ్యి కనిపిస్తే కదలాలన్నది నేను పట్టుకు కూర్చున్న నియమమే. అధికారి చెయ్యి కూడా చెయ్యే. ఇవాళ ఒక్క పూట పని సాఫీగా జరిగిపోతే, వుబ్బే చేసేది ఎవరైనా చెయ్యొచ్చని తేలిపోతుంది. ఇక అతని బతుకంతా పట్నంలో చీపురే. ఓడిపోయానని అనుకుంటూనే లివర్ మీద చెయ్యి వేశాను.

టోన్కెన్స్ గోదాము మూల మీద నిలబడి చెయ్యి అడ్డంగా ఊపాడు. మేక ఒకసారి దగ్గి, వ్యాగన్లని నెట్టడం మొదలెట్టింది. మేక కదిలిందన్న కబురు క్షణంలో పాకింది. చూడటానికి జనం చర్చి వీధిలోకి వచ్చారు. రొట్టెల కొట్టతను బుట్ట సైకిల్ మీద పోతూ, అధికారిని చూసి చెయ్యెత్తాడు.

"మోయ్!"

టోన్కెన్స్ చెయ్యి దానంతటదే లేచింది. "మోయ్!"

నేను బ్రేకు వేశాను. వ్యాగన్లు ఒకదాన్నొకటి గుద్దుకుని ఆగాయి, నాలుగు దుంపలు దొర్లి కిందపడ్డాయి. టోన్కెన్స్ కంకర మీద బూట్లు జారుతుండగా పరిగెత్తుకొచ్చాడు.

"ఎందుకాపావ్?"

"మీరు చెయ్యెత్తారు."

"అది పలకరింపయ్యా!"

"ఇంత దూరంనించి నాకు చెయ్యే కనిపిస్తుంది సార్. మర్యాద కనిపించదు."

ఒట్టు, ఆ మొదటిసారి ఎవరూ కావాలని చేసింది కాదు. రెండోసారి ముసలి పాస్టరు గారు టోపీ తీసి మోయ్ అన్నప్పుడూ కాదు. ఆయనకి చెయ్యెత్తకుండా ఉండటం మా జిల్లాలో పుట్టిన ఎవరివల్లా కాదు. మేక మళ్ళీ ఆగింది. అప్పటికి హిల్లే నాకు కాఫీ పట్టుకుని వచ్చి ఉంది. నన్ను చూసింది, టోన్కెన్స్‌ని చూసింది, నా కాఫీ నాకివ్వకుండానే వెనక్కి తిరిగింది. నేరుగా గోదాము మూల దగ్గరికి నడిచి, పెళ్ళికి వచ్చినావిడలా నిండుగా నవ్వి చెయ్యెత్తింది.

"మోయ్, టోన్కెన్స్ గారూ!"

"మోయ్, అమ్మా!" అన్నాడు ఆయన. అన్నాక నాలుక కరుచుకున్నాడు. మేక ఆగింది.

మా ఊరివాళ్ళకి న్యాయం కంటే ముందు వేడుక కావాలి. హిల్లే చేసిన పని ఏమిటో వాళ్ళకి అర్థం కావడానికి ఎంతోసేపు పట్టలేదు. రోజుల తరబడి మాకు మొహం చాటేసిన రొట్టెల కొట్టావిడ ఏప్రన్ తుడుచుకుంటూ వచ్చి మోయ్ అంది. ఆవిడ వెనక దర్జీ, దర్జీ వెనక చేపల బండివాడు. ఒకసారి చెప్పి పోయినవాళ్ళు చర్చి వెనకనుంచి తిరిగొచ్చి మళ్ళీ మొదటిసారి చూసినట్టే మోయ్ చెబుతున్నారు. మేక అడుగు వెయ్యడం, ఆగడం. టోన్కెన్స్ ఒకసారి తల ఊపి సరిపెట్టబోతే, కర్ర పట్టుకున్న ముసలావిడ ఒకామె ఆగి, చిన్నప్పటి పేరుతో పిలిచి నిలదీసింది.

"ఏంరా బెరెండ్, తల ఊపుతున్నావ్? చెయ్యి పడిపోయిందా? ఆదివారం మీ అమ్మ కనిపిస్తే చెప్తా ఉండు."

పాపం, ఆయన చెయ్యెత్తాడు. ఆ తర్వాత విసిగిపోయి రెండు చేతులూ కోటు జేబుల్లో దోపుకున్నాడు. చెయ్యి కనపడలేదు. నేను కదలలేదు. గదిలో నిలబడి వాళ్ళావిడ ఇచ్చిన కాఫీ చల్లారకముందే తాగుతున్న డ్రైవర్ని ఏమని తిడతాడు? హిల్లే ఎట్టకేలకు నా కాఫీ నాకిచ్చింది మరి.

అప్పుడాయన బుర్ర పనిచేసింది. ట్రాక్టర్ పక్కన పళ్ళు నూరుతూ నిలబడ్డ మెన్నోని పిలిచాడు.

"మెన్నో, దుంపలు నీవేగా? నువ్వు నిలబడు. రమ్మనడం ఇలా, ఆగమనడం ఇలా. ఇంకేం లేదు. నువ్వెలాగూ ఎవర్నీ పలకరించే రకం కాదు."

జనం నవ్వారు. మెన్నో నవ్వలేదు. మూల మీదకి వెళ్ళి కాళ్ళు పాతుకుని నిలబడ్డాడు. "ఎవడు మోయ్ అంటాడో అనండి, చూస్తా!" అని అరిచి, చెయ్యి అడ్డంగా ఊపాడు.

మేక కదిలింది. రొట్టెల కొట్టావిడ మోయ్ అంది. మెన్నో వినలేదు. దర్జీ అన్నాడు, చేపలవాడు అన్నాడు, హిల్లే రెండుసార్లు అంది. మెన్నో చెయ్యి పొలంలో కొడవలి తిప్పినట్టు అడ్డంగా ఊగుతూనే ఉంది. వ్యాగన్లు సాఫీగా గోదాము పక్కకి జరిగిపోతున్నాయి. జనం నవ్వులు తగ్గిపోయాయి. వుబ్బే ఊడవడం ఆపి చీపురు మీద ఆనుకుని చూస్తున్నాడు. అతని కళ్ళలోకి చూసే ధైర్యం నాకు లేకపోయింది.

చర్చి గడియారం పన్నెండు కొట్టింది. మా ఊరి బడిపిల్లలు మధ్యాహ్నం భోజనానికి ఇళ్ళకొస్తారు. ఇక్కడినుంచి నాకేమీ కనపడలేదు, మెన్నో ఒక్కడే కనిపించాడు. అతని చెయ్యి సగం ఊపులో ఆగిపోయి, తలకంటే పైకి, వేళ్ళు కూడా నిటారుగా, లేచింది. నేను బ్రేకు బిగించాను. మేక ఒళ్ళంతా వణికి ఆగింది. గోదాము అవతల సైకిల్ గంటలు, కేకలు, ఎవరో పిల్ల పాట. అవి దాటిపోయాయి. చెయ్యి దిగలేదు. ఇంకో గుంపు దాటింది. చెయ్యి దిగలేదు. తర్వాత నిశ్శబ్దం. అప్పుడూ దిగలేదు.

నేను గది బయటికి ఒంగి చూశాను. మెన్నో మొహంలో ఎరుపంతా దిగిపోయింది.

"అయిపోయిందిగా మెన్నో, ఊపు!" అన్నాడు టోన్కెన్స్.

"ఊపను."

"వీధి ఖాళీగా ఉందయ్యా!"

"గోడ వెనక చూసొచ్చావా? నేను చూళ్ళేదు. ఇప్పుడొచ్చిన ఎర్ర టోపీ పిల్లని కూడా నేను చూళ్ళేదు. గంట వినిపిస్తే చెయ్యెత్తా. గంట లేని సైకిలైతే?" మెన్నో గొంతు ఊళ్ళో ఎవరూ వినని గొంతులా ఉంది. "ఆ పిల్లకీ వ్యాగనుకీ మధ్య ఏముందో తెలుసా? నా చెయ్యి. నాకు దుంపలు తెలుసు. ఇది నాకు తెలీదు. నేను ఊపను."

"అయితే చెయ్యి దించు, నేనే..."

"దించను. నేను దించితే నువ్వు ఊపుతావ్. తెలిసినవాడు వచ్చేదాకా ఇలాగే ఉంటా. సాయంత్రమైనా సరే, దుంపలు కుళ్ళినా సరే." అతను చెయ్యి దించకుండానే ప్లాట్‌ఫాం వైపు తిరిగి ఊరదిరేలా అరిచాడు. "వుబ్బే! ఏం చేస్తున్నావురా అక్కడ? రా ఇటు!"

వుబ్బే కదలలేదు. టోన్కెన్స్‌ని చూశాడు. ముట్టుకుంటే ఉద్యోగం పోతుందన్నది ఆయనే. టోన్కెన్స్ నిండిన వ్యాగన్ల వైపు, మెన్నో చెయ్యి వైపు చూసి, చూపు పక్కకి తిప్పుకున్నాడు. మెన్నో చెయ్యి ఇంకా తలకంటే పైనే ఉంది.

వుబ్బే ప్లాట్‌ఫాం దిగి, తొందరేమీ లేకుండా పట్టాల పక్కనే నడిచి వచ్చాడు. అధికారి ముందు ఆగి, చీపురు ఆయన చేతిలో పెట్టాడు.

"కాస్త పట్టుకోండి సార్."

ఇన్నేళ్ళలో వుబ్బే ఒకేసారి అన్ని మాటలు అనగా నేను వినడం అదే మొదటిసారి. ఆ పెద్దమనిషి నిజంగానే పట్టుకున్నాడు. వుబ్బే మూల మీదకి వెళ్ళి మెన్నో మోచెయ్యి పట్టుకుని మెల్లగా కిందికి దించాడు. మెన్నో పక్కకి వెళ్ళి గోడకి ఆనుకుని, భుజం నిమురుకుంటూ ఉండిపోయాడు. నా కళ్ళు చెమర్చాయి. డీజిలు పొగ వల్ల అని ఎవరైనా అంటే వాళ్ళ పళ్ళు రాలగొడతాను.

టోన్కెన్స్ చీపురుతో సహా నా దగ్గరికి వచ్చి, పట్టాల పక్కన నాకు ఎదురుగా నిలబడ్డాడు. మొహం మాడ్చుకుని ఉన్నాడు.

"ఈ దుంపల కాలం వరకే, ఎప్పో. ఆ తర్వాత ఆర్డరు ఆర్డరే. చెవిన పడిందా?"

వచ్చే ఏడు మళ్ళీ ఇంతే జరుగుతుందని, ఆ పైఏడూ ఇంతేనని ఆయనకి చెప్పొచ్చు. చెప్పే ఓపిక నాకు లేదు, పని ఉంది.

"సార్, పక్కకి జరగండి. మీరు అడ్డంగా ఉన్నారు. నాకు వుబ్బే కనిపించట్లేదు."

ఆయన జరిగాడు. వుబ్బే గోడ వెనక్కి వెళ్ళి చూసొచ్చాడు, వీధి అటు చూశాడు, ఇటు చూశాడు. వీధి నిండా జనం ఉన్నారు, పిల్లలతో సహా. ఒక్కరూ మోయ్ అనలేదు. అందరి చేతులూ కిందికే ఉన్నాయి. వుబ్బే చెయ్యి అడ్డంగా ఊపాడు, నేను మేకని కదిలించాను.